చాప మీద పావుగంట

మా బడి పంటకాలువ గట్టు మీద ఉంటుంది. పొద్దున్నే ఆ దారిన సైకిళ్ల మీద పోయేవాళ్లకి మా పిల్లలు గొంతు కలిపి పాఠం చదవడం దూరం నుంచే వినిపిస్తుంది. "మీ పిల్లలు భలే చదువుతున్నారండి" అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఆ మాటకి నేనూ చాలాకాలం సంతోషపడ్డాను. ఒకరోజు పిల్లలు అలా చదువుతుంటే వరసల మధ్య నడుస్తూ మూడో తరగతి పిల్ల ఒకతె దగ్గర ఆగాను. గొంతు ఖంగుమంటోంది. ఒక్క మాట తప్పడం లేదు. పుస్తకం మీద పెట్టిన వేలు మాత్రం రెండు వరసలు కిందుంది. పాఠమంతా విని కంఠతా పట్టేసింది. ఎప్పుడూ చూడని పేజీ ఒకటి తీసి "ఇది చదువమ్మా" అన్నాను. "కొత్త" అనే మాట దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్కొక్కరినీ విడిగా పిలిచి చదివించాను. మూడు, నాలుగు, ఐదు తరగతులు కలిపి నా గదిలో 27 మంది. గుణింతం దగ్గరే తడబడేవాళ్లు కొందరు. ఒత్తు కనిపిస్తే ఆగిపోయేవాళ్లు కొందరు. అన్నీ తెలిసినా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోయేవాళ్లు ఇంకొందరు. నలుగురైదుగురు గడగడా చదివేస్తారు గానీ కథలో ఏం జరిగిందో అడిగితే దిక్కులు చూస్తారు. దీనికీ వాళ్ల తరగతికీ పొంతన లేదు. ఐదో తరగతి అబ్బాయి ఒకడు గుణింతంలో ఇరుక్కున్నాడు. మూడో తరగతి పిల్ల ఒకతె కథ చదివి తనలో తాను నవ్వుకుంటోంది. వీళ్లందరి చేతా నేను రోజూ ఒకే పేజీ తీయిస్తున్నాను.

ఇది మా ఒక్క బడి సంగతి కాదు. పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి చేస్తున్న 'అసర్' సర్వే ప్రకారం, దేశం మొత్తం మీద మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు 2022లో 20.5 శాతం, 2024లో 27.1 శాతం. అంటే నలుగురిలో ముగ్గురికి చేతిలో ఉన్న పుస్తకం చదవడం రాదు. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు ఉన్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు. తరగతులు ఐదు. ఒకరు ఒకటి, రెండు పట్టుకుంటే రెండోవారు మిగతా మూడూ చూసుకోవాలి. ఈ లెక్కలో ఒక్కో పిల్లవాడి దగ్గర కూర్చుని చదివించే తీరిక ఎక్కడిది? చదువు మూలలు, స్థాయి జట్లు అనే పద్ధతి ఆ తీరికని పుట్టించడానికే ఉంది. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో ఈ మాటలు తరచూ వినిపిస్తాయి. ఏది ఎందుకో విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ కాబట్టి చాలామంది గోడకి నాలుగు రంగు చార్టులు అంటించి, ఫోటో తీసి పంపి, అక్కడితో వదిలేస్తారు.

మూల వేరు, జట్టు వేరు

ముందు ఈ రెంటినీ విడదీసుకోవాలి. జట్టు అంటే చదవడంలో ఒకేచోట ఆగిపోతున్న నలుగురైదుగురు పిల్లలు. టీచరు వాళ్లని చాప మీద కూర్చోబెట్టుకుని, వాళ్లకి సరిపోయే పుస్తకం చేతికిచ్చి, పావుగంట పాటు ఒక్కొక్కరూ చదువుతుంటే వింటూ, ఎక్కడ తప్పుతున్నారో అక్కడ నేర్పుతారు. అసలు పాఠం ఇదే. ఆ పావుగంటా మిగతా 22 మంది టీచరు అక్కర్లేకుండా చేసుకునే పని ఉండే చోటు మూల. పుస్తకాల మూల, మాటల మూల, రాత మూల, ఇద్దరిద్దరు కలిసి చదువుకునే చోటు. అక్కడ కొత్త పాఠం ఉండదు. చాప మీద నేర్చుకున్నదాన్ని చెయ్యి తిరిగేదాకా మళ్లీ మళ్లీ చేస్తారు.

కాబట్టి మూల బాగుందా లేదా అని చూడ్డానికి నాకు ఒకటే కొలత. టీచరు చాప మీద ఉన్నంతసేపూ అక్కడి పిల్లలు లేచి రాకుండా చదువుతూనో రాస్తూనో ఉన్నారా? ఉంటే పాత కేలెండరు వెనక రాసిన మాటలు చాలు. లేకపోతే వేలు ఖర్చుపెట్టి లామినేషన్ చేయించినా దండగే. అందంగా ఉంచొద్దని కాదు. చార్టుల అలంకరణలో జూన్, జులై గడిచిపోయి, చాప మీద ఒక్క పిల్లా కూర్చోని బడులు నేను చూశాను.

ఈ పద్ధతులు ఎక్కడివి అని అడిగితే సమాధానం ఒక్కటి కాదు. పిల్లవాడు చదువుతుంటే పక్కన కూర్చుని ప్రతి తప్పునీ గుర్తులతో రాసుకునే తీరు న్యూజిలాండ్‌లో మేరీ క్లే అనే పరిశోధకురాలి పనితో స్థిరపడింది. అమెరికాలో ఐరీన్ ఫౌంటాస్, గే సూ పిన్నెల్ 1990ల్లో పుస్తకాలని ఎ నుంచి జెడ్ వరకు మెట్లుగా పేర్చి, చిన్న జట్లతో చదివించే పద్ధతికి ప్రచారం తెచ్చారు. అలాగని ఇది విదేశీ సరుకని అనుకోనక్కర్లేదు. బ్రిటన్ సాయంతో 1980ల్లో మన రాష్ట్రంలో మొదలైన ఏపీపెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం) శిక్షణల్లో ఉన్నవి ఆరు సూత్రాలు. విడివిడిగా, జట్లుగా, తరగతంతా కలిసి పనిచేయించడం వాటిలో ఒకటి. పిల్లల మధ్య తేడాలకి చోటివ్వడం మరొకటి. చుట్టుపక్కల ఉన్నవాటిని వాడుకోవడం ఇంకొకటి. ఆ శిక్షణ తీసుకున్న పెద్ద మాస్టార్లకి ఇవి ఇప్పటికీ నోటికొచ్చు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ విద్యాసంస్థ వాళ్లు ఏకోపాధ్యాయ బడుల కోసం కార్డులు, మెట్ల నిచ్చెన తయారుచేశారు. ఎవరి మెట్టు వాళ్లు ఎక్కుతూ పోవడమే అందులో పద్ధతి. తమిళనాడు 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టి తర్వాత రాష్ట్రమంతటికీ తీసుకెళ్లిన కృత్యాధార బోధనకి ప్రేరణ అక్కడిదే.

మూడో దారి మన బడుల్లోకి 'టార్ల్' (టీచింగ్ ఎట్ ద రైట్ లెవెల్, అంటే పిల్లల స్థాయికి తగ్గ బోధన) పేరుతో వచ్చింది. ప్రథమ్ రూపొందించిన ఈ పద్ధతిలో రోజుకి కొంతసేపు తరగతి గోడలు పక్కనపెట్టి, మూడు నుంచి ఐదు వరకు పిల్లలందరినీ చదవగలిగే స్థాయిని బట్టి మళ్లీ విడదీస్తారు. ప్రథమ్ పని మీద ముంబయి, వడోదరల్లో జరిగిన పరీక్షల్లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో పాల్గొన్నారు. 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న ముగ్గురిలో వాళ్లిద్దరూ ఉన్నారు. రిషి వ్యాలీ నిచ్చెన మీద పిల్లవాడు ఒంటరిగా నడుస్తాడు. టార్ల్‌లో బడి మొత్తం ఒక గంట పాటు మళ్లీ సర్దుకుంటుంది. నేను చెబుతున్న చాప పద్ధతిలో ఒక టీచరు తన గదిలోనే విడతలవారీగా జట్లని పిలుస్తుంది. మూడూ కలిపి ఒకే మాటతో పిలవడం వల్లే, ఒకదాని నియమం ఇంకొకదానికి తగిలించి "మా బడిలో పనిచెయ్యలేదండి" అంటుంటారు.

ఎక్కడ ఆగుతున్నారు?

జట్లు కట్టడంలో అసలు కిటుకు తెలుగు లిపిలో ఉంది. ఇంగ్లీషు మెట్లని తెచ్చి మన పిల్లలకి తగిలిస్తే కుదరదు. అసర్ వాళ్ల అక్షరం, పదం, పేరా, కథ అనే కొలత మొదటి రోజు చాలా ఉపయోగం. ఒక్కో పిల్లకి మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. కానీ అది ఎక్కడ ఉన్నారో చెబుతుంది, ఎందుకు ఆగారో చెప్పదు. "పదం" స్థాయిలో తేలిన ఎనిమిది మందిని నేను ఒకే జట్టుగా కూర్చోబెట్టి నెల పోగొట్టుకున్నాను. వాళ్లలో ముగ్గురి ఇబ్బంది గుణింతం, ఐదుగురిది ఒత్తు.

గుణింతం దగ్గర ఆగే పిల్లని చూస్తే జాలేస్తుంది. "కొడుకు" అనే మాట చూపించండి. పెదాలు కదుపుతూ "క కా కి కీ కు కూ" అని మొదటి నుంచి అందుకుని "కొ" దాకా నడిచి వస్తుంది. పాట వచ్చు, గుర్తు రాదు. గుణింతాన్ని ఎప్పుడూ వరసలోనే వల్లెవేయించడం వల్ల వచ్చిన చిక్కిది. ఈ జట్టుకి చాప మీద నేను చేసేది వరస విరగ్గొట్టడం. ఒక రోజు ఒకే గుర్తు. కొమ్ముని పట్టుకుంటే కు, ను, లు, రు, డు. అవి ఉన్న మాటలు, ఆ మాటలున్న రెండు వాక్యాలు. పు, వు దగ్గర కొమ్ము మిగతా అక్షరాలకి అతికినట్టు అతకదు. మ, వ పోలిక ఉండటం వల్ల "మ"ని కొమ్మున్న "వ" అనుకునే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. దీన్ని మతిమరుపు అనకూడదు. కంటికి నిజంగా అలాగే కనిపిస్తుంది. పక్కపక్కన పెట్టి తేడా చూపిస్తే రెండు రోజుల్లో పోతుంది.

ఇక ఒత్తు. దీని గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, మా గదిలో సగం మంది ఆగింది ఇక్కడే కాబట్టి. మన ఒత్తుల్లో చాలావరకు తలకట్టు తీసేసిన అక్షరాలే, చూడగానే పోల్చుకోవచ్చు. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం అసలు అక్షరాన్ని పోలి ఉండవు. మన మాటల్లో తెగ వాడేవి సరిగ్గా ఈ ఆరే. అమ్మ, నాన్న, అన్న, అత్త, తమ్ముడు, చెల్లి, తాతయ్య. పిల్ల ఇంట్లో మొట్టమొదట పలికే మాటలన్నిటి కిందా ఈ కష్టమైన ఒత్తులే వేలాడుతుంటాయి. మనమేమో ఒత్తుల్ని అన్నిటికంటే చివర నేర్పుతాం. అందాకా "ఉడత, పలక, ఊయల" లాంటి సరళ పదాలతో నెట్టుకొస్తాం. ఒత్తు లేకుండా రాసిన వాక్యాలు ఎంత చప్పగా ఉంటాయో మీరే ఒకటి రాసి చూడండి. అందుకని నేను మొదటి తరగతి నుంచే ఇంటి మాటల్ని బొమ్మల్లా గుర్తుపట్టనిస్తాను. విడగొట్టి నేర్పడం తర్వాత. ఒత్తు పాఠానికి వచ్చేసరికి "అమ్మ"లో ఉన్నదే "కొమ్మ"లో ఉంది, "బొమ్మ"లో ఉంది అని పిల్లలే చెబుతారు.

కన్నడ పిల్లల మీద సొనాలి నాగ్ చేసిన పరిశోధన ఈ విషయంలో మనకీ పనికొస్తుంది. గుణింతాలు, ఒత్తులతో వందల రూపాలుండే లిపి పట్టుబడటానికి మొదటి తరగతి, రెండో తరగతి సరిపోవని, పిల్లలు ఆ తర్వాతి ఏళ్లలో కూడా అక్షరాలు నేర్చుకుంటూనే ఉంటారని ఆమె చూపించారు. కన్నడ లిపి మన లిపికి అక్కచెల్లెలి వరస. కాబట్టి నాలుగో తరగతి పిల్లవాడు ఒత్తుతో కుస్తీ పడుతుంటే వాడు మొద్దు అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

మిగతా రెండు అడ్డంకులు ధారాళత, అర్థం. కూడబలుక్కునేవాళ్లకి మందు ఒకటే, చదివిన చిన్న పాఠాన్నే నాలుగు రోజులు మళ్లీ చదవడం, మొదట నాతో, తర్వాత జంటతో. గడగడా చదివి అర్థం పట్టనివాళ్ల దగ్గర నేను సగంలో ఆపి "తర్వాత ఏమవుతుందంటావ్?" అని అడుగుతాను. వాళ్లకి ఎక్కువ ప్రశ్నల కంటే మంచి కథలు ముఖ్యం.

తప్పులు ఎలా లెక్కపెట్టాలి అన్నది ఇంకో చిక్కు. వందకి 95 మాటలు సరిగ్గా చదివితే ఆ పుస్తకం సొంతంగా చదువుకోవచ్చు, 90 నుంచి 94 అయితే టీచరు పక్కన కూర్చోవాలి, అంతకంటే తక్కువైతే కష్టం అని ఇంగ్లీషు చదువులో ఒక లెక్క వాడుకలో ఉంది. తెలుగులో మాట పొడుగు. హిందీలో "చలా జా రహా హై" అని నాలుగు మాటలుగా రాసేది మనకి "వెళ్లిపోతున్నాడు" అనే ఒక్క మాట. 40 మాటల పేరాలో పది మాటల్లో ఒక్కో ఒత్తు తప్పాడనుకోండి. మాటల లెక్కన 75 శాతమే సరి. అదే పేరాని 140 అక్షరాలుగా లెక్కేస్తే దాదాపు 93 శాతం సరి. ఒక లెక్కలో పుస్తకం లాగేసుకోవాలి, ఇంకో లెక్కలో చేతికివ్వాలి. నేను శాతాలు పక్కనపెట్టి, తప్పులన్నీ ఒకే రకమా, వేర్వేరు రకాలా అని చూస్తాను. ఒకే రకమైతే ఆ పుస్తకమే సరైనది, ఆ ఒక్క ముడి విప్పితే చాలు. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపరచడానికి కేంద్రం 2021 జులై 5న మొదలుపెట్టిన నిపుణ్ భారత్‌లో మూడో తరగతి చివరికి నిమిషానికి 60 మాటలు చదవాలన్న లక్ష్యాన్ని కూడా ఇలాగే చూడాలి. హిందీ పిల్లవాడి 60 మాటలు, మన పిల్లవాడి 60 మాటలు ఒకే బరువు కాదు. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో చేసిన పునాది అభ్యసన అధ్యయనంలో ఒక్కో భాషకి వేరే ప్రమాణం పెట్టింది అందుకే.

తప్పు కానిదాన్ని తప్పుగా రాసుకోకుండా ఉండటం కూడా నేర్చుకోవాలి. పుస్తకంలో "వచ్చాడు" అని ఉంటే మా పిల్లలు "వచ్చేడు" అని చదువుతారు. ఇంట్లో అమ్మా నాన్నా అలాగే అంటారు కదా. అక్షరం చూసి, అర్థం పట్టుకుని, తన ఇంటి మాటలోకి తెచ్చుకుని పలికిన పిల్ల చదువరి. అక్కడ ఇంటూ గుర్తు వేస్తే ఆ పిల్లకి చదవడం అంటే తనది కాని గొంతుతో మాట్లాడటం అనిపిస్తుంది. అలాగే తప్పు చదివి, వాక్యం అతక్క, వెనక్కి వెళ్లి తనే సరిచేసుకుంటే దానికి నా పుస్తకంలో "స" అని వేరే గుర్తు ఉంది. ఎన్ని "స"లు ఉంటే నాకు అంత సంతోషం.

బస్సు బోర్డులు

స్థాయిల పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయండి అని కొత్త టీచర్లు అడుగుతారు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో తెరిచిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు కథలు నాలుగు స్థాయిల్లో ఉచితంగా దొరుకుతాయి, దించుకుని ముద్రించుకోవచ్చు. మన ప్రభుత్వం 2020లో 'చదవడం మాకిష్టం' కార్యక్రమం పెట్టినప్పుడు చాలా బడుల్లో పుస్తకాలు బీరువాల్లోంచి బయటికొచ్చాయి. ఇవి కాక మా గోదావరి డెల్టాలో స్థాయిలు కట్టిన పాఠం ఒకటి రోడ్డు మీదే తిరుగుతోంది.

ఒక సాయంత్రం బస్సు కోసం నిలబడి బోర్డులు చూస్తుంటే తట్టింది. అమలాపురం, రాజోలు, రావులపాలెం, మలికిపురం, మామిడికుదురు. వీటిలో గుణింతాలు, సున్నా తప్ప ఇంకేం లేదు. కొత్తపేట, ముమ్మిడివరం, అల్లవరం, అయినవిల్లి దగ్గరికి వస్తే ఒకే అక్షరానికి దాని ఒత్తే. ఆత్రేయపురం, కాట్రేనికోన, అంతర్వేది, ద్రాక్షారామం వేరే అక్షరం ఒత్తు ఉన్నవి, అన్నిటికంటే కష్టం. పాత శుభలేఖల వెనక ఒక్కో ఊరి పేరు పెద్ద అక్షరాలతో రాసి మాటల మూలలో పెట్టాను. పిల్లలు వాటిని మూడు కుప్పలుగా విడదీస్తారు, అక్షరాల కార్డులతో మళ్లీ కూరుస్తారు, "మా అమ్మమ్మ వాళ్లది అల్లవరం" అంటూ ఒక వాక్యం రాస్తారు. ప్రతి ఊరి వెనకా ఒక చుట్టమో, తీర్థమో, పూతరేకుల పొట్లమో ఉంటుంది కాబట్టి ఈ మూల దగ్గర పిల్లలు విసుగు పడగా నేను చూడలేదు. ఒత్తు జట్టుకి చాప మీద నేను నేర్పేది కూడా ఈ కార్డులతోనే. చాపకీ మూలకీ సంబంధం ఇలా ఉండాలి. చాప మీద ల ఒత్తు నేర్చుకుని మూలలోకి వెళ్లి పండ్ల బొమ్మలకి రంగులేస్తే ఆ పావుగంట కొట్టుకుపోయినట్టే.

మిగతా మూలలు త్వరగా చెప్పేస్తాను. పుస్తకాల మూలలో 20 పుస్తకాలు చాలు, రెండు వారాలకోసారి సగం మార్చాలి. రాత మూలలో నిజంగా ఎవరికో ఒకరికి చేరే రాత పెట్టాలి. గల్ఫ్‌లో ఉన్న అమ్మకి నాలుగు వాక్యాలు రాసి, నాయనమ్మ ఫోన్‌లో ఫోటో తీయించి పంపే పిల్లలు మా బడిలో ఉన్నారు. ఆ రాతకి నేను ఎప్పుడూ గుర్తు చేయనక్కర్లేదు. అక్షరాలకి చింతపిక్కలు, కొబ్బరి ఈనెలు సరిపోతాయి. జంట చదువులో ఒకరు చదువుతుంటే రెండోవారు వేలు పెట్టి చూస్తారు. ఆ వేలు ఎందుకు ముఖ్యమో మొదట్లోనే చెప్పాను.

జూన్‌లో జట్లు వద్దు

మొదటి ఏడాది నేను బడి తెరిచిన రెండో వారంలోనే ఆరు మూలలు, ఐదు జట్లు పెట్టేశాను. గురువారానికి అక్షరాల కార్డులు సగం బడి పక్క బోదె కాలవలో తేలాయి. చాప మీద కూర్చున్నంతసేపూ "ఈడు నా పెన్సిల్ లాక్కున్నాడండి", "అయిపోయిందండి, ఇప్పుడేం చెయ్యాలండి" అని పిల్లలు నా చుట్టూ చేరేవాళ్లు. టెన్షన్ పడి ఆ ఏడాదికి మానేశాను. తప్పు పద్ధతిలో లేదు. టీచరు లేకుండా పనిచేసుకోవడం కూడా ఒక పాఠమనీ, దాన్ని నేర్పాలనీ నాకు అప్పటికి తెలియదు.

ఇప్పుడు మొదటి నాలుగు వారాలు జట్ల ఊసే ఎత్తను. ఒక్కో వారం ఒక్కో మూల తెరుస్తాను. కార్డులు ఎలా తీయాలి, ఎలా సర్దాలి, తెలియకపోతే ముందు పక్కవాళ్లని ఎలా అడగాలి, పని అయిపోతే మళ్లీ ఏం చెయ్యాలి అన్నీ చేసి చూపించి, వాళ్లచేత చేయిస్తాను. మొదటి రోజు మూడు నిమిషాలు, మర్నాడు ఐదు, అలా పావుగంటకి చేరుస్తాను. ఈలోగా ఒక్కొక్కరినీ పిలిచి చదివించి, పిల్లకో పేజీ చొప్పున నోట్సులో రాసుకుంటాను. జులై రెండో వారానికి చాప పరుస్తాను. "నేను చాప మీద ఉంటే ఎవరికైనా దెబ్బ తగిలితేనో, ఒంట్లో బాగోకపోతేనో తప్ప రాకూడదు" అన్న మాట అప్పటికి వాళ్లకి అలవాటైపోయి ఉంటుంది.

తెలుగుకి గంట దొరికితే మొదటి పది నిమిషాలు అందరికీ కథ చదివి వినిపిస్తాను. తర్వాత 20 నిమిషాల చొప్పున రెండు విడతలు. పావుగంట చదువు, మిగతాది సర్దుకోడానికి, మూల మారడానికి. చివర పది నిమిషాలు ఎవరేం చదివారో చెప్పుకోవడం. అంటే రోజుకి రెండు జట్లే. అన్ని జట్లకీ సమానంగా రోజులు పంచాలన్న నియమాన్ని నేను ఒప్పుకోను. గుణింతం జట్టు రోజూ చాప మీదికి వస్తుంది. కథల పుస్తకాలు చదివేవాళ్లు వారానికోసారి వస్తే చాలు.

ఏ పేట పిల్లలు ఏ జట్టులో

ఈ పద్ధతిలో నాకు భయం వేసే చోటు ఒకటుంది. జట్లకి ఎ, బి, సి అని పేర్లు పెట్టకూడదని అందరూ చెబుతారు. నేను గోదావరి పాయల పేర్లు గౌతమి, వశిష్ఠ, వైనతేయ అని పెట్టాను. రెండు రోజుల్లో పిల్లలకి ఏ నది కింది జట్టో తెలిసిపోయింది. వారం తిరక్కుండా రేషన్ షాపు దగ్గర ఒక తండ్రి "మావోడు ఏ గ్రూపులో ఉన్నాడండి?" అని అడిగాడు. పేరు దేన్నీ దాచదు. పిల్లలు జట్లు మారుతుండటం ఒక్కటే కాపాడుతుంది. మూడు వారాలకోసారి నేను మళ్లీ చదివించి చూస్తాను. ప్రతిసారీ ఇద్దరు ముగ్గురైనా కదలాలి. ఎవరూ కదలకపోతే నా బోధనలో లోపం ఉందని అర్థం. మూలల దగ్గర మాత్రం కావాలని అన్ని స్థాయిలనీ కలిపి కూర్చోబెడతాను. రోజంతా ఒకే నలుగురి మొహాలు చూసుకుంటూ కూర్చునే జట్టు ఏడాది తిరిగేసరికి ముద్ర అయిపోతుంది.

ఇంకో మాట మొహమాటం లేకుండా చెప్పాలి. నేను మొదటిసారి కట్టిన గుణింతం జట్టులో ఐదుగురూ ఒకే పేట నుంచి వచ్చేవాళ్లు. వాళ్ల ఇళ్లలో బడికి వచ్చిన మొదటి తరం వాళ్లే. తల్లిదండ్రులు చేపల చెరువుల మీద పనికో, కొబ్బరికాయల దింపు పనికో తెల్లారకముందే వెళ్లిపోతారు. జట్టు కట్టేటప్పుడు నేను కులం చూడలేదు. అయినా చాప మీద కూర్చోబెట్టాక చూస్తే ఊళ్లో గీసి ఉన్న గీతే నా గదిలోనూ పడింది. అప్పటినుంచి జట్లు రాసుకున్నాక ఆ కాగితాన్ని ఇంకోసారి పేటల వారీగా చూస్తాను. అలా తేలినప్పుడు ఆ జట్టుకి ఎక్కువ రోజులు ఇస్తాను, మొదట కదిలేది వాళ్లే అయ్యేలా చూస్తాను. ఈ పని చెయ్యకపోతే, ఎంత మంచి ఉద్దేశంతో కట్టినా, స్థాయి జట్టు ఊరి వెలివేతకి బడిలో ఇంకో పేరు అవుతుంది.

పరిశోధనల్లో కూడా స్థాయి పుస్తకాల మీద ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఎప్పుడూ తేలిక పుస్తకాలే ఇస్తే ఆ పిల్లలు బరువైన మాటలు, పెద్ద వాక్యాలు ఎప్పటికీ చూడరు. చదివేవాళ్లు ఇంకా చదివి ముందుకు పోతారు, వెనకున్నవాళ్లు ఇంకా వెనకబడతారు. కీత్ స్టానోవిచ్ 1986లోనే దీన్ని వివరంగా రాశారు. ఆ అభ్యంతరం నిజమని నేననుకుంటాను. అందుకే చాప మీది పావుగంట తప్ప మిగతా అన్నిచోట్లా తరగతి పాఠం అందరిదీ. గుణింతం దగ్గరున్న అబ్బాయి కూడా ఐదో తరగతి కథ వింటాడు, దాని గురించి వాదిస్తాడు, తన అభిప్రాయం చెబుతాడు. మాట్లాడటంలో అతను ఏ జట్టుకీ తీసిపోడు.

మా లంక పిల్లల విషయంలో ఈ పద్ధతి వల్ల కలిగిన మేలు ఇంకో రకం. జులై, ఆగస్టుల్లో గోదావరికి వరద వస్తే ఏరు దాటించే పంటు ఆగిపోతుంది. 2022 జులైలో వచ్చినంత వరద అయితే ఇళ్లలోకే నీళ్లు. లంక నుంచి వచ్చే పిల్లలకి పది, పదిహేను రోజుల బడి పోతుంది. తిరిగొచ్చేసరికి పుస్తకంలో రెండు పాఠాలు దాటిపోయి ఉంటాయి. అందరూ ఒకే పేజీలో ఉండే గదిలో ఆ పిల్లకి చోటు దొరకదు. చాప మీద అలా కాదు. నోట్సులో ఆమె పేజీ తీస్తే ఆఖరి గీత "య ఒత్తు" దగ్గర ఉంటుంది. అక్కడి నుంచే మొదలుపెడతాం.

ఇంగ్లీషు మీడియం వచ్చాక ఈ జట్లనే ఇంగ్లీషుకీ వాడొచ్చా అని అడుగుతున్నారు. వాడకూడదు. తెలుగు కథలు చదివేసే పిల్ల ఇంగ్లీషులో అక్షరం దగ్గరే ఉండొచ్చు. ఇంగ్లీషు అక్షరానికి ఒక్కో మాటలో ఒక్కో శబ్దం, అక్కడి అడ్డంకులు పూర్తిగా వేరు. దానికి విడిగా చదివించి వినాలి, వేరే పేజీ రాసుకోవాలి, వేరే జట్టు కట్టాలి. అయితే మూలల్లో పనిచేసుకోవడం ఒకసారి అలవాటైతే ఆ అలవాటు రెండు భాషలకీ పనికొస్తుంది.

వేలు రెండు వరసలు కిందపెట్టి చదివిన ఆ పిల్ల ఒత్తు జట్టులో రెండు విడతలు ఉంది. ఆమె పేజీ నా నోట్సులో ఇప్పటికీ ఉంది. మొదటి వారాల్లో వరసగా ఇంటూలే: "కొత", "అలవరం", "పువు". అక్టోబరులో ఒక రోజు ఊళ్ల కార్డులు చదువుతూ కష్టమైన కుప్పలోకి తనంతట తనే చెయ్యి పెట్టి ఒకటి తీసింది. "దాక్షారామం" అని, ఆగి, వేలు కార్డు మొదటికి జరిపి, "ద్రా... ద్రాక్షారామం" అంది. నేనేమీ అనలేదు. పేజీలో ఆ రోజు తేదీ పక్కన ఒక "స" ఉంది.